పులుసు ఉడికేదాకా ఆగిన బస్సు

ఉదయగిరి నుంచి ఆత్మకూరు మీదుగా నెల్లూరు పోయే పొద్దుటి బస్సులో నేను కండక్టరుని. ఆ బస్సులో నేను అందరికంటే ఎక్కువ మర్యాద చేసిన ప్రయాణికుడు ఒక స్టీలు క్యారియరు. నాలుగు గిన్నెలది. దారిలో ఒక ఊళ్లో, నిమ్మతోటలున్న పెద్దాయన గేటు ముందు ఎక్కేది. నెల్లూరు హాస్టల్లో చదివే ఆయన కొడుక్కి ఇంటి కూర. దానికి ముందు సీటు. మలుపుల్లో ఒలక్కుండా నా తువ్వాలు చుట్టి, ఒక చెయ్యి దానిమీదే ఉంచి, రెండో చేత్తో టికెట్లు కొట్టేవాణ్ణి.

నిజానికి గేటు దగ్గర స్టాపు లేదు. స్టాపు దానికి అర కిలోమీటరు ముందు, కూలీల కాలనీలో, చర్చి పక్కన. అక్కడ నేను మహా ఖచ్చితమైన మనిషిని. వెనక ఎవరు చెయ్యెత్తి పరిగెత్తుతున్నా విజిల్ వేసేసేవాణ్ణి. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక నా నోరు ఇంకా పెరిగింది. "ఊరికే ఎక్కేదానికి ఇంటికొచ్చి పిలవాల్నా?" అనేవాణ్ణి. అదే మనిషిని, గేటు దగ్గర మాత్రం అల్లుడి కోసం ఎదురుచూసే మామలాగా నిలబడేవాణ్ణి.

ఆగమని నాకు ఎవరూ చెప్పలేదు. పెద్దాయన ఫోను చేస్తే డిపో మేనేజరు లేచి నిలబడి మాట్లాడతాడని మాలో ఒక నమ్మకం. చూసినవాళ్లెవరూ లేరు. నెలకో సంచి నిమ్మకాయలు వచ్చేవి. వాటికంటే, ఆయన నన్ను "కండక్టరుగారూ" అని పిలవడం నాకు ఎక్కువ రుచిగా ఉండేది.

ఆ కాలనీలో ఒకామె ఆత్మకూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఆయా. నెలలో మూడుసార్లు లేటైతే మానిపిస్తారు. "రెండైపోయినాయన్నా, కొంచెం చూసుకో," అని ముందురోజే నాకు చెప్పింది. మర్నాడు బస్సు స్టాపులో ఆగేసరికి ఆమె ఇంకా యాభై అడుగుల దూరంలో ఉంది. చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుతోంది. చూశాను. చూసే విజిల్ వేశాను.

గేటు దగ్గర క్యారియరు లేదు. పాలేరు వచ్చి, "చేపల పులుసు ఇంకా దగ్గరపడలేదంట. రవ్వంతసేపు," అన్నాడు. పన్నెండు నిమిషాలు ఆగాం. పులుసు దగ్గరపడింది. ఆలోపల ఆమె అర కిలోమీటరు నడిచొచ్చి బస్సెక్కింది.

బస్సంతా నవ్వింది. ఆమె రొప్పుతూనే, "సోమశిల చేప చల్లగుండాల. అది ఉడక్కపోబట్టి నాకు బస్సు దొరికినాది," అంది. జీరో టికెట్టు కొట్టి ఇచ్చాను. ముందు సీటు వైపు చూసి, "దానికేం టికెట్టన్నా?" అంది.

"ఏమ్మే, నోరు లేస్తా ఉండాదే!"

"అడిగినాలే. అది గూడా మా మాదిరి ఊరికేనే పోతా ఉండాది. సీటు దానికి, కమ్మీ మాకు."

మళ్లీ నవ్వులు. నేనూ నవ్వాను.

ఆత్మకూరు వచ్చేసరికి ఆమె నవ్వడం మానేసింది. స్కూలు గంట కొట్టేసి ఉంటారు. "బస్సే లేటని ఒక ముక్క రాసియ్యన్నా. మేడం ఒప్పుకుంటాది," అంది.

జేబులో పెన్ను ఉంది. కానీ బస్సు టైములు రాసే షీటులో, సరైన టైముకే చేరామని అప్పటికే రాసేశాను. లేటని రాస్తే ఎందుకు లేటో కూడా రాయాలి. పులుసు అని రాయాలి.

"కాగితంలో బస్సు టైముకే వచ్చినాదమ్మా," అన్నాను.

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి దిగిపోయింది.

ఆ తర్వాత స్టాపులో కనపడలేదు. మానిపించారని కాలనీవాళ్లు చెప్పారు. వారం తర్వాత నాకు సెలవు రోజు వచ్చింది. 'ఆరోజు బస్సు పన్నెండు నిమిషాలు లేటు, తప్పు నాది' అని రాసి, సంతకం పెట్టి, నేనే స్కూలుకి తీసుకుపోయాను. మేడం చదివి, "చీటీ వారం లేటండీ," అంది. అప్పటికే ఇంకొకామెను పెట్టుకున్నారు.

ఇక గేటు దగ్గర బస్సు ఆపేది లేదని ఒట్టు పెట్టుకున్నాను. మర్నాడు దూరం నుంచే చూశాను. గేటు ముందు క్యారియరు పట్టుకుని నిలబడింది ఆమే. పెద్దాయన ఇంట్లో వంటకి కుదిరిందట. బస్సు ఆగకపోతే తిట్లు ఎవరికో ఆలోచించాల్సిన పని లేదు. నా ఒట్టు ఒక్క పూటైనా నిలవలేదు. విజిల్ వేసి ఆపించాను.

ఇప్పుడు చేపైనా కోడైనా బస్సు కంటే ముందే గేటు దగ్గర ఉంటోంది. నా షీటులో టైములన్నీ నిజాలే. ఆమె పుణ్యాన నేను నిజాయితీపరుణ్ణి కూడా అయ్యాను.

ఆ మొదటిరోజు క్యారియరు అందిస్తూ, "పట్టుకోన్నా, వేడిగా ఉండాది. లేటయితే నీ కాగితం చెడిపోతాది," అంది.

మన్నించమ్మా అనబోయాను. నా నోరు తెరుచుకునే లోపలే ఆమె బస్సు రేకుమీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, "రైట్, రైట్!" అనేసింది. డ్రైవరు బస్సు కదిలించాడు.