చివరి మడికి పావుగంట తక్కువ

1987 యాసంగి పంటకాలంలో నన్ను నిజామాబాద్ డివిజన్ ఆఫీసు నుంచి వర్ని సెక్షన్‌కు వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. నీటిపారుదల పనిలో ఈ హోదా కొంచెం తమాషాగా ఉంటుంది. పైన అసిస్టెంట్ ఇంజనీరు, కింద తూములు తిప్పే లస్కరు. ఇంజనీరును తిట్టలేక, లస్కరును తిట్టి లాభం లేక, రైతులు మధ్యలో ఉన్న మమ్మల్ని తిడతారు.

ఆ ఏడు కాలువలో నీళ్లు తక్కువ. వంతులవారీగా వదలమని ఉత్తర్వు వచ్చింది. ఒక్కో తూము ఎనిమిది రోజులకోసారి పొద్దున ఆరింటికి తెరిచి, పదిన్నర గంటల తర్వాత, నాలుగున్నరకు మూసేయాలి. ఆ సమయాన్ని రైతుల మధ్య పంచి పట్టిక రాయడం నా పని. లెక్కల్లో నేను గట్టివాణ్ణని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. ఇంకెవరికైనా ఉండేదో లేదో తెలియదు.

ఒక తూము కింద నలుగురు రైతులున్నారు. వరుసగా రెండున్నర, ఒకటిముప్పావు, మూడుంపావు, ఒకటింపావు ఎకరాలు. మొత్తం ఎనిమిదిముప్పావు. మిశ్రమ భిన్నాలను అపక్రమ భిన్నాలుగా మార్చి 21/2 ÷ 35/4 అని వేశాను. రెండోదాన్ని తిరగేసి గుణించి, కొట్టివేయాల్సినవి కొట్టివేస్తే ఎకరాకు 6/5 వచ్చింది. అంటే గంటా పన్నెండు నిమిషాలు. ఎర్రసిరాతో గీతలు గీసి, పట్టికను పంచాయతీ గోడకు అంటించాను. దూరం నుంచి ఒకసారి చూసుకుని మురిసిపోయాను కూడా.

మొదటి వంతు అయిన మర్నాడు సాయవ్వ సెక్షన్ ఆఫీసుకు వచ్చింది. కాలువ చివర ఎకరంపావు ఆమెదే. బీడీలు చుట్టుకుంటూ, ఒంటిచేత్తో సేద్యం చేసుకునే మనిషి. వరి పొట్టమీద ఉంది. ఇప్పుడు తడి తప్పితే గింజ పట్టదు, తాలు తప్ప చేతికేమీ రాదు.

"సారూ, నీ కాయితంల గంటన్నర ఉన్నది. నా మడిల సుక్క లేదు" అంది.

పైవాళ్లు గండి కొట్టి ఉంటారని తేల్చేశాను. వచ్చే వంతుకు నేనే వస్తానని, దొంగను పట్టిస్తానని మాట ఇచ్చాను.

అన్నట్టే ఆరింటికి తూము దగ్గర గడియారం పట్టుకుని నిలబడ్డాను. లస్కరు పోశెట్టి తలుపు ఎత్తాడు. నీళ్ల వెంబడే గట్టు మీద నడిచాను. ఎనిమిది రోజులు ఎండిన మట్టికాలువ. పగుళ్లు తాగాయి, ఎండ్రకాయ బొక్కలు తాగాయి. నీళ్లు తన గట్టు తాకిన నిమిషం నుంచే ప్రతి రైతూ తన వంతు లెక్కపెట్టుకున్నాడు. అది న్యాయమే. ఒక్కరూ నిమిషం ఎక్కువ వాడుకోలేదు. దొంగ దొరకలేదు.

నాలుగున్నరకు పోశెట్టి తూము మూసేశాడు. నేను సాయవ్వ గట్టు మీద పొడి కాళ్లతో నిలబడి ఉన్నాను. నీళ్లు ఆమె మడి దాకా వచ్చేసరికి నాలుగుముప్పావు అయింది. తడిసింది మూల ఒక్కటే, అది కూడా కాలువలో మిగిలిన నీళ్లతో.

పై ముగ్గురి వంతులు కలిపి తొమ్మిది గంటలే కాబట్టి, కాలువ తడవడానికే గంటముప్పావు పోయిందని గడియారం చూసి ఒప్పుకున్నాను. గట్టు మీద కూర్చున్న సాయవ్వ ఒళ్లో బీడీల చాట పెట్టుకుని, చేతులు ఆపకుండానే లెక్క తేల్చింది.

"నాకిచ్చింది గంటన్నర. తోవల పోయింది గంటముప్పావు. ఇగ నేనే నీకు పావుగంట నీళ్లు మలిపియ్యాలె గద సారూ!"

ఆమె అంతటితో ఆపలేదు.

"మేం ఆకు నానవెట్టినంక చినిగింది, పుచ్చింది ముందుగాల పక్కకు తీస్తం. మంచి ఆకు సూసినంకనే ఎన్ని బీడీలయితయో చెప్తం. మీ ఆఫీసుల తరుగంత ఆఖరి మనిషి దగ్గర్నే తీస్తరా?"

ఈ సంగతి నీకు ముందే తెలుసా అని, తూము మూసి వచ్చిన పోశెట్టిని అడిగాను. తెలుసన్నాడు. మరి చెప్పవేం అంటే, "లెక్క మీరు చేసిండ్రు సార్. నేను తూము తిప్పెటోన్ని" అన్నాడు. హోదాలు నాకంటే అతనికే బాగా తెలుసు.

అక్కడే గట్టు మీద మళ్లీ వేశాను. ఈసారి బ్రాకెట్ పెట్టి: (10½ − 1¾) ÷ 8¾. లోపలిది ముందు చేస్తే ఎనిమిదిముప్పావు. దాన్ని ఎనిమిదిముప్పావుతో భాగిస్తే ఒకటి. ఎకరాకు గంట. ఇంత తతంగం చేసి చివరికి ఒకటి వచ్చినందుకు నిజంగానే చిన్నబోయాను. పైగా సాయవ్వ వాటా గంటన్నర నుంచి గంటంపావుకు తగ్గింది. అది చెప్పడానికి జంకాను.

"కాయితం మీది గంటన్నర నువ్వే ఉంచుకో. గంటంపావు నీళ్లియ్యి" అంది.

వంతు కాని రోజు తూము ఎత్తే అధికారం నాకు లేదు. సాయంత్రమే ఇంజనీరు గారి ముందు తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసిచ్చాను. ఆయన చదివి, నవ్వి, మర్నాడు పొద్దున ఆ ఒక్క మడికి తెరవడానికి సంతకం పెట్టారు. నా సంజాయిషీ మాత్రం ఫైల్లో భద్రంగా ఉంచారు. కాలువ ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి నీళ్లు తొందరగా అందాయి. ఆమె పంటలో గట్టు వార కొంత తాలు పోయింది. మిగతాది నిలిచింది. పైరైతులు మాత్రం తలా ఓ అర్ధగంట కోసేశానని నా మీద ఆ యాసంగంతా సణిగారు.

ఆ తర్వాత ఎన్నో సెక్షన్లలో పట్టికలు రాశాను. ఏ తూముకు రాసినా ముందు కాలువ వెంట చివరి మడి దాకా నడిచాను. భాగహారం ఆ తర్వాతే.