గొడుగు, లాంతరు, నా చేపల పులుసు పాట

కాస్త ఇటు జరగండి, సముద్రపు గాలికి మాట చెదిరిపోకుండా నా పక్కనే కూర్చోండి. చేతుల్లో పని ఉంటే ఉండనీండి, చెవులు మాత్రం నాకివ్వండి. ఆ రోజుల్లో మా ఊరికి కొత్తది ఏది వచ్చినా సంబరమే. ఎవరైనా సైకిలు తొక్కుకుంటూ వస్తే దాని వెనక ఊరంతా పరిగెత్తేది. అలాంటి ఊరికి ఒకే ఏడు పంచాయతీ ఎన్నికలూ, మైకుసెట్టూ, సముద్రం మీద నల్లటి చమురూ కలిసికట్టుగా వచ్చిపడ్డాయి! తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు కుదురుగా ఉండదు.

మాది కృష్ణపట్నానికి దక్షిణంగా, ఇసుకలో సగం కూరుకుపోయినట్టుండే చేపలపల్లె. నా చదువు రెండో తరగతిలో ఆగిపోయింది గానీ, ఎవరింట్లో ఏ రోజు ఏ కూర వండారో ఇప్పటికీ చెప్పగలను. పై వీధిలో పుట్టి కింద వీధికి కాపురానికి వచ్చాను. మా నాయన దగ్గర సగం వల, మా మామ దగ్గర సగం వల ఉండేవి. విడివిడిగా దేనికీ చాలవు. పెళ్ళినాడు వియ్యంకులిద్దరూ ఒడ్డున కూర్చుని ఆ రెండిటినీ కలిపి కుట్టి ఒకే పెద్దవల చేశారు. (నా మెడలో పడిన ముడి కంటే ఆ కుట్టునే ఊరంతా శ్రద్ధగా చూసిందని మా అత్త చివరిదాకా అనేది.)

ఏడాది తిరక్కుండానే ఎన్నికలొచ్చాయి. మామ గొడుగు గుర్తు మీద నిలబడ్డాడు. మా నాయన ఊరుకుంటాడా, లాంతరు గుర్తు మీద నిలబడ్డాడు. ఇక చూసుకోండి, పై వీధి వాళ్ళు కింద వీధి బావిలో నీళ్ళు తోడటం మానేశారు. ఒక సాయంత్రం మామ వాకిట్లో కూర్చుని తేల్చేశాడు. “ఎన్నికలు అయిపోనీ, వల కుట్టు విప్పేస్తా. నా సగం నాకు, ఆయన సగం ఆయనకు.”

“మరి కోడలో?” అంది అత్త.

“ఆయన సగంలోనే చుట్టి పంపిస్తా!”

మామ నవ్వుతూ అన్నాడో నిజంగానే అన్నాడో తెలియక మా ఇంటాయన మొహం చూశాను. ఆయన గోడవైపు తిరిగాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. (అబద్ధమెందుకు, తెల్లవారి చద్దన్నం మాత్రం రెండు మార్లు వడ్డించుకున్నాను.)

అదే వారంలో నెల్లూరి నుంచి ఎద్దులబండి మీద మైకుసెట్టు దిగింది. ఆ రికార్డుల్లో పాటలు ఎలా ఉన్నాయనుకున్నారు! అప్పటిదాకా మాకు తెలిసినవి భజనపాటలూ, ఊయలపాటలే. ఇవి వింటుంటే కాళ్ళు వాటంతటవే లేచేవి. ఒక వరస గుర్రం పరుగులా ఉండేది, దాన్ని గొడుగువాళ్ళు పట్టుకున్నారు. ఇంకొకటి అలమీద తెప్పలా మెల్లగా ఊగేది, అది లాంతరువాళ్ళకు దక్కింది. ఎవరి వరసకు వాళ్ళు తమ గుర్తును అతికించి పొద్దస్తమానం పాడేవారు. నాకు రెండూ వచ్చేశాయి, అదే నా కర్మ. ఒకసారి మామకు మంచినీళ్ళిస్తూ లాంతరు పాట కూనిరాగం తీశాను. ఆయన చెంబు కిందపెట్టి లేచిపోయాడు. అప్పటినుంచి భయపడి, పిండి రుబ్బేటప్పుడు రెండు వరసల్నీ కలిపేసి చేపల పులుసు మీద నా మాటలు కట్టుకున్నాను. పులుసుకు పార్టీ లేదు కదా!

పెద్దవల సంగతి మీకు చెప్పాలి. పడవలో తీసుకుపోయి సముద్రంలో వంపుగా వదులుతారు. దాని రెండు మోకులూ ఒడ్డుకు వస్తాయి. ఒక మోకు పై వీధి, ఒక మోకు కింద వీధి లాగాలి. మధ్యలో పాటల తాత నిలబడి పదం చెబితే, రెండు వైపులవాళ్ళూ ‘ఐలేసా’ అంటూ ఒకే ఊపున లాగుతారు. రెండు పార్టీలూ పాటలో తమ గుర్తు పెట్టమని తాతను పీక్కుతిన్నాయి. “నా నోరు మైకు కాదురా” అని ఆయన ఇంటికి పోయి పడుకున్నాడు.

వల సముద్రంలో ఉన్న ఒక ఉదయం ఉత్తరం వైపు నుంచి కిరసనాయిలు లాంటి వాసన కొట్టింది. చూస్తే నీళ్ళ మీద నల్లటి దుప్పటి పరిచినట్టు చమురు కదిలి వస్తోంది. మద్రాసు వైపు పోయే ఏ ఓడ వదిలిపెట్టి పోయిందో! మా ఊరివాళ్ళు ఓడను తిట్టారనుకున్నారా?

“లాంతరోళ్ళే పోసినారబ్బా! కిరసనాయిలు ఇంకెవురి దగ్గిరుంటాది?” అని గొడుగువాళ్ళు.

“మీ గొడుగు గుడ్డ రంగు దిగింది, పోయి చూసుకోండి!” అని లాంతరువాళ్ళు.

ఈలోగా చమురు వల వైపు వచ్చేస్తోంది. ఆ కాలం వలలు నూలువి, ఆ తారులాంటి చమురులో మునిగితే పొయ్యిలోకి తప్ప పనికిరావు. అది పోతే రెండు వీధులకూ తిండి లేదు, నాకు రెండు ఇళ్ళూ లేవు. మోకులు పట్టుకున్నారు గానీ, పదం చెప్పే తాత లేక ఒకవైపు గుర్రం పాట, ఇంకోవైపు ఊగే పాట! కింద వీధి మోకు దడదడా వస్తోంది, పై వీధి మోకు నిద్రపోతోంది. వల ఒక పక్కకు ఒరిగి, మూతి తిన్నగా చమురుకేసి తిరిగింది.

“అమ్మే, మన పాట అందుకో!” అని మా నాయన అరిచాడు.

“ఏమ్మే, ఏ ఇంటి కోడలివి నువ్వు?” అని ఇటు నుంచి మా ఇంటాయన.

వల ఒడ్డు చేరేదాకా ఆడవాళ్ళు నోరెత్తకూడదని మా ఊరి కట్టుబాటు, ఆ కంగారులో మగవాళ్ళకే అది గుర్తులేదు. నేను చేపలకని తెచ్చిన గంప పారేసి మోకుల మధ్యకు పరుగెత్తాను. నోరు తెరిస్తే గొడుగూ రాలేదు, లాంతరూ రాలేదు.

“మామిడికాయ కోసినానోయ్...”

“ఐలేసా!” ఎవరన్నారో తెలియదు. నోటికి అలవాటైన మాట, ఆపుకోలేకపోయారు పాపం.

“చింతపండు పిసికినానోయ్...”

“ఐలేసా!” ఈసారి రెండు మోకులూ కదిలాయి.

“చట్టి పొయ్యిన పెట్టినానోయ్!”

“ఐలేసా!”

పొద్దుటి నుంచి పస్తున్న కడుపులు కదా, ఏం లాగారనుకున్నారు! వల మూతి సర్దుకుంది. ఉల్లిపాయలు వేశాను, మిరప్పొడి వేశాను, మెంతులు వేశాను. పులుసు అయిపోయింది గానీ వల రాలేదు. పాట ఆపితే మోకులు ఆగిపోతాయి. వంకాయ వేశాను. మునక్కాడ వేశాను. ఇంకేమీ తోచక, “బెల్లంగడ్డ వేసినానోయ్!” అన్నాను.

“చేపల పులుసులో బెల్లమా? ఎవుతే నీకు వంట నేర్పిందీ!” అని గంపల మధ్య నుంచి మా అత్త కేక.

“నేను నేర్పలా వదినా, మీ ఇంటికొచ్చినాకే చెడిపోయినాది!” అని మా అమ్మ.

మోకులవాళ్ళంతా పగలబడి నవ్వుతూనే “ఐలేసా” అన్నారు. ఆ నవ్వు ఊపులోనే వల ఒడ్డెక్కింది. చమురు తాకనే తాకింది గానీ, నడుమ ఒక బారెడు మేరకే. మనుషులు మాత్రం మోకాళ్ళ నుంచి మొహాలదాకా నల్లబడ్డారు. నేను సంతోషం పట్టలేక మా ఇంటాయనకు మొహం తుడుద్దామని కొంగు పట్టుకుని పోయాను. “నేను మీ చిన్నాయన్ని తల్లీ” అన్నాడా మనిషి.

ఎన్నికల్లో మా నాయన గెలిచాడు. మర్నాడే మామ కత్తి తీసుకుని వల దగ్గర కూర్చున్నాడు. తారు సరిగ్గా ఆ కుట్టు మీదే పడి ఎండిపోయింది. దారమేదో తారేదో తెలియడంలేదు. ఆయన గోకాడు, గీకాడు, చెమట తుడుచుకున్నాడు. మా నాయన పక్కనే చతికిలబడి, “దీన్ని విప్పాలంటే ఇంకో ఎన్నికలు రావాలి బావా” అన్నాడు. మామ కత్తి పక్కన పడేసి, నా వైపు చూడకుండానే, “మీ నాయనకు మజ్జిగ తెచ్చియ్యమ్మా” అన్నాడు. నేను చాటుకు పోయి ఏడ్చి, తర్వాత మజ్జిగ తెచ్చాను. (ఉప్పు వేయడం మరిచిపోయాను. ఇద్దరూ చివరి చుక్కదాకా తాగారు.)

చాలా రోజులు చేపల్లో చమురు వాసన పోలేదు. గోంగూర పచ్చడితో గడుపుకున్నాం. ఆఖరికి మంచి చేప పడిన రోజు, ఊరికే పాడి ఊరుకోవడమేమిటని, పాటలో చెప్పినవన్నీ వేసి పులుసు కాచాను, బెల్లంతో సహా. మా ఇంటాయన ఒక ముద్ద తిని, కంచం కాస్త పక్కకు జరిపి, “నీ పాటే బాగుండాదిమే” అన్నాడు.

ఆయనా లేడు, ఆ పిల్లా లేదు. ఒడ్డున గంప పారేసి పరుగెత్తిన ఆ పిల్లకు ఎంత ధైర్యమో అనుకుంటే నాకే నవ్వొస్తుంది. ఇప్పుడైతే కాలు జారుతుందని ఇసుకలో అడుగే పెట్టను. సరే, పొద్దుపోతోంది, లేవండి. మీ ఇంట పొయ్యి చల్లారకుండా, పుట్టింటికీ మెట్టింటికీ నడిచే దారిలో గడ్డి మొలవకుండా, మీ పిల్లాపాపలు నవ్వుతూ నూరేళ్ళు బతకాలి.