టీచరుగారి ఎడమ చెయ్యి

మా మూడో తరగతి టీచరుగారు పోయారని పోస్టుకార్డు వచ్చింది. వాళ్ళ చెల్లెలుగారు రాశారు. అక్కగారు ప్రభువునందు నిద్రించారనీ, మంగళవారం కొత్తపేట సమాధుల తోటకి తీసుకెళ్ళారనీ, కిందటేడు నేను రాసిచ్చిన అడ్రసు ఆవిడ బైబిల్లో కనిపిస్తే రాస్తున్నాననీ. కార్డు అందేసరికి శుక్రవారం. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో కూలబడ్డాను. ఏడుపు రాలేదు. నేను అడగాల్సిన మాట ఒకటి ఉంది, ఇంక అడగడానికి మనిషి లేదనే భయం మాత్రం వచ్చింది.

డెబ్భైల మొదట్లో రాజోలు దగ్గర మా ఊరి పెంకుటి బడిలో ఆవిడ మాకు పాఠాలు చెప్పేవారు. నడిచి వచ్చే దారిలో ఇటుక ముక్కలు, బొగ్గులు, ఆకులు ఏరుకుంటూ వచ్చేవారు. సంచి విప్పితే చెత్తబుట్ట బోర్లించినట్టుండేది. మా రంగులన్నీ అవే. చిక్కుడాకు నలిపితే పచ్చ, ఇటుక అరగదీస్తే ఎరుపు. గోళ్ళ కింద రంగు పోక, మధ్యాహ్నం క్యారేజీ విప్పినప్పుడు చెంచా వాడేవారు. చెంచాతో అన్నం తినే మనిషిని నేను చూడడం అదే మొదలు.

మిగతా మేష్టర్లకి పద్యమంటే అప్పజెప్పడమే. ఈవిడ మాత్రం గేయం ఒకసారి చదివి పుస్తకం మూసేసేవారు. "అర్థం నోటితో చెప్పకండమ్మా, లేచి చేసి చూపించండి" అనేవారు. చేశాక నేలమీద బొమ్మ గియ్యాలి. గీశాక ఎవరి బొమ్మ దగ్గర వాళ్ళు నిలబడి, అందులో ఏముందో చెప్పాలి. అప్పటికి ఆ గేయం ఎవరూ బట్టీ పట్టకుండానే వచ్చేసేది.

వేసవిలో కట్టేసిన కాలవకి మళ్ళీ నీళ్ళు వదలడం మీద ఒక గేయం ఉండేది. పొడుగ్గా ఉన్న ఇద్దరు లాకు తలుపులయ్యారు. ఆవిడ పాత నీలం చీర నీళ్ళయింది. బాతులు, పడవలు అందరూ పంచేసుకున్నారు. గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే నాకు ఎండిన కాలవ వేషం ఇచ్చారు. మాటల్లేవు, నేలమీద పడుకోవడమే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ పక్కన గొంతుక్కూర్చుని, "ఎండిన కాలవ మాట్లాడదమ్మా. కానీ అందరికంటే దాహం దానికే. అది నీ ఒంట్లో కనపడాలి" అన్నారు.

ఆ చీర నా మీంచి చల్లగా జారుతున్నప్పుడు నాకు నిజంగానే గొంతు తడారిపోయి, ఏడుపొచ్చింది. ఎలా అనిపించిందని అడిగితే పౌరుషం కొద్దీ చెప్పలేదు. బొమ్మ కూడా పక్కమ్మాయిది చూసి గీసేశాను. ఆవిడ దాన్ని చూసి నవ్వారు. "నువ్వు చూసింది గీసేవా, పక్కమ్మాయి చూసింది గీసేవా?" అన్నారు. తలకొట్టేసినట్టయింది.

మర్నాడు ఇనస్పెక్షను. బడికి కొత్తగా వెల్ల వేశారు. గంట కొట్టకముందే వెళ్ళి, బొగ్గు తీసుకుని, ఆ తెల్లటి గోడ ఈ మూలనుంచి ఆ మూలదాకా నెర్రెలిచ్చిన కాలవ గీశాను. ఆవిడకి చూపించాలని, అంతే. ఇనస్పెక్షను సంగతే గుర్తు లేదు.

ఇనస్పెక్టరుగారు గోడ చూశారు. హెడ్మాస్టరుగారి మొహం పాలిపోయింది. ఎవరు గీశారని అడిగితే అందరూ నా చేతుల బొగ్గు వైపు చూశారు. "టీచరుగారే గియ్యమన్నారండి" అన్నాను. ఆవిడ గుమ్మంలోనే ఉన్నారు. నావైపు ఒక్కసారి చూసి, "ఆయ్. నేనే గియ్యమన్నానండి" అన్నారు.

ఇనస్పెక్టరుగారు వెళ్ళిపోయాక ఆవిడ గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఆ నెర్రెల మీద వేలు పెట్టి, "బాగా ఎండిందమ్మా కాలవ" అన్నారు. రెండు చెంపలూ వాయించినా నేను ఈపాటికి మర్చిపోయేదాన్ని.

నెల తిరక్కుండా ఆవిడని ఓడలరేవు వైపు, సముద్రం ఒడ్డు ఇసకలో ఉన్న ఒక బడికి మార్చేశారు. మంచం పట్టిన తల్లిని మా ఊళ్ళోనే ఒకరికి అప్పగించి, ఆదివారాలు వచ్చి చూసుకునేవారు. ఆ తల్లి ఒక బుధవారం పోయారు. కబురు వెళ్ళి ఆవిడ వచ్చేసరికి అంతా అయిపోయింది. ఈ మాట మా అమ్మ అన్నం పెడుతూ చెప్పింది. ఆవేళే నిజం చెప్పెయ్యాల్సింది. ముద్ద మింగేసి ఊరుకున్నాను.

ఇప్పుడు నేనూ పంతులమ్మనే. గేయాలు ఆడించి, బొమ్మలు గీయించి చెబుతానని అమలాపురం దాకా మంచి పేరు. ఆ పేరంతా దొంగసొత్తే. ఎవరైనా మెచ్చుకుంటే వెనక్కి తిరిగి చూస్తాను, ఆవిడ ఎక్కడైనా వింటున్నారేమోనని.

కిందటేడు ఆవిడకి పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని తెలిసి కొత్తపేట వెళ్ళాను. మంచం పక్కన నేలమీద కూర్చుని పదిహేడేళ్ళ కిందటి ఆ అబద్ధం ఒప్పేసుకున్నాను. ఆవిడ ఎడమ చెయ్యి మెల్లిగా లేచింది. అరచెయ్యి కిందికి తిప్పి, గాలిలో రెండుసార్లు అటూ ఇటూ ఆడించారు. చెయ్యి దుప్పటి మీద పడిపోయింది. "క్షమించేరాండీ?" అని అడిగాను. కళ్ళు మూసుకున్నారు. అడ్రసు రాసిచ్చి వచ్చేశాను. మళ్ళీ వెళ్దామనుకుంటూనే, ధైర్యం చాలక ఏడాది గడిపేశాను.

కార్డు వచ్చాక సోమవారం పాఠం చెప్పలేకపోయాను. పిల్లల ముందు నిలబడి, ఎవరిదో చెప్పకుండా, ఆ చెయ్యి ఉన్నదున్నట్టు చేసి చూపించి, ఇదేమిటో చెప్పండర్రా అన్నాను. గాలండీ అన్నాడొకడు. దగ్గరికి రమ్మంటన్నారండీ అని ఒకమ్మాయి. కాదండీ, పొమ్మంటన్నారండీ అని ఇంకొకమ్మాయి. ఏం పర్లేదంటన్నారండీ అన్నాడు కిటికీ పక్కన వాడు. ఎవరికి వాళ్ళు తమదే రైటన్నారు. నేను ఏ ఒక్కదాన్నీ ఒప్పుకోలేకపోయాను, కాదనలేకపోయాను.

చివరి వరసలో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల లేచింది.

"ఏదో చెప్పాలని ఉందండి వాళ్ళకి. చెప్పలేకపోతన్నారండి. ఇంకోసారి చెయ్యండి, టీచరుగారూ."

మళ్ళీ చేశాను. చెయ్యి లేచి, రెండుసార్లు ఆడి, బల్లమీద పడింది. పిల్లలంతా మాటలు మానేసి ఆ చేతికేసే చూస్తున్నారు.