ఎనిమిదీ నలభై నీడ

ఏడో తరగతికి సైన్సు చెప్పే ఆవిణ్ణి బళ్ళో అందరూ ‘ఎందుకు టీచర్’ అనేవారు. ఎవరేం చెప్పినా ‘ఎందుకు?’ అని అడగడం ఆవిడ అలవాటు. గంట కొట్టే మనిషి ఓ రోజు విసుగొచ్చి, “ఎందుకేంటమ్మా, టైమైంది కాబట్టి!” అన్నాడు. “టైమైందని నీకెలా తెలుసు?” అందావిడ. ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఒకప్పుడు ఆవిడ పాఠం సగం రోడ్డు మీదే నడిచేది. వీధి చివర సైకిల్ షాపుకి పిల్లల్ని తీసుకెళ్ళి, పెద్ద పళ్ళచక్రం ఒకసారి తిరిగితే చిన్నది ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్కపెట్టించేది. పంక్చరు తొట్టిలో బుడగలు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూపించేది. ఐసు ఫ్యాక్టరీ ముందు నిలబెట్టి, చల్లటి దిమ్మకి రంపప్పొట్టు దుప్పటి కప్పుతారెందుకని అడిగేది. జవాబు వెంటనే చెప్పేది కాదు. పిల్లలు ఇంటికెళ్ళి అమ్మానాన్నల బుర్ర తినేవారు.

ఒకసారి సైకిల్ గొలుసులో ఒక పిల్లవాడి వేలు పడి గోరు నల్లబడింది. వాళ్ళ నాన్న వచ్చి గోలచేశాడు. ఆ మరునాటి నుంచి పాఠం వేళ గేటు తెరవకూడదన్నారు. అదే ఏడు, పద్నాలుగు శాఖలున్న ఓ పెద్ద సంస్థ ఆ బడిని కొనేసింది. వాళ్ళు ప్రతి టీచరు చేతికీ ఒక ట్యాబు ఇచ్చారు. ప్రతి గదిలో బోర్డు పైన ఎర్రదీపం వెలిగే కెమెరా పెట్టారు.

ట్యాబులో పాఠం నిమిషాల లెక్కన ఉండేది. ‘ఆరో నిమిషం: పాఠం పేరు బోర్డు మీద రాయండి. తొమ్మిదో నిమిషం: చిరునవ్వుతో అర్థమైందా అని అడగండి.’ ఆవిడ మొదట్లో చిరునవ్వు మర్చిపోయేది. దానికీ సంస్థ బడి మీద పెట్టిన ఇన్‌ఛార్జి నుంచి చీటీ వచ్చేది.

మానేసి వెళ్ళిపోవచ్చు కదా అని ఎవరైనా అనొచ్చు. ‘చూసి ఇచ్చేస్తాం’ అంటూ కొత్త యాజమాన్యం ఆవిడ సర్టిఫికెట్లన్నీ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. రెండేళ్ళ ఒప్పందం మీద సంతకమూ పెట్టించుకుంది. పైగా కూతురు ఆ బళ్ళోనే తొమ్మిది చదువుతోంది. మధ్యలో బడి మారిస్తే పిల్లకి ఏడాది పోతుంది. బస్సు డ్రైవరైన భర్త అంతా విని, “కక్కలేవు, మింగలేవు. మరి నములుతూ ఉండు,” అన్నాడు. ఆయనది వెటకారం కాదు, ఇంకేం చెప్పాలో తెలియకపోవడం.

రోజూ సరిగ్గా ఎనిమిదీ నలభైకి పిల్లలంతా ఆవరణలో వరసల్లో నిలబడాలి. మాట్లాడకూడదు, కదలకూడదు. వరసల పక్కన టీచర్లు కూడా అలాగే నిలబడాలి. బడి తెరిచిన రెండో నెలలో ఒక పొద్దున, ఏడో తరగతి వరసలో మొదట నిలబడే టైలరుగారమ్మాయి జెండా స్తంభం నీడ కొసని బూటు ముక్కుతో తొక్కడం ఆవిడ చూసింది. మర్నాడూ తొక్కింది. మూడో రోజు ఆవిడ ఏమీ అనకుండా ఒక గులకరాయి తీసి నీడ కొసన పడేసింది.

వారం తర్వాత నీడ కొస రాయికి జానెడు పక్కకి పోయింది. పిల్ల ఆవిడకేసి చూసింది. ఆవిడ ఆకాశంకేసి చూసింది. ఆ రోజు పిల్లే రెండో రాయి పెట్టింది.

అప్పటి నుంచి వారానికో రాయి. మబ్బు పట్టిన రోజున ఆగి మర్నాడు పెట్టేవారు. ఒక్క మాట లేకుండా, తల వంచుకు నిలబడ్డ నలభై ఒక్క మంది ఆ పాఠం నేర్చుకున్నారు. నీడ పక్కకి జరుగుతోంది, పొడవూ పెరుగుతోంది. ఎందుకని ఎవరూ చెప్పలేదు. పిల్లలే గుసగుసల్లో తేల్చుకున్నారు: ఒకే వేళైనా సూర్యుడు రోజూ ఒకే చోట ఉండడం లేదు.

ఆవరణ ఊడ్చే ఆయమ్మ ఒకనాడు ఆవిణ్ణి ఆపింది.

“మీ రాళ్ళ జోలికి నేను పోవట్లేదమ్మా, చుట్టూ ఊడుస్తున్నా. కానీ నిన్న ఇసక బండి వాడు మూడు తొక్కేశాడు.”

“సర్దావా అక్కా?”

“లేదు. నా చేత్తో పెడితే తప్పు చోట పెడతానేమో. లేనిది లేనట్టే ఉంచా.”

‘ఎందుకు టీచర్’ ఆ మాటకి పొంగిపోయింది. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి చెబుతూ వస్తున్న సంగతి అదే.

చలికాలంలో ట్యాబులో నీడల పాఠం వచ్చింది. ఇరవై రెండో నిమిషంలో చదవాల్సిన వాక్యం: ‘ఒకే వేళకు ఒక వస్తువు నీడ ఏడాదంతా ఒకే చోట పడుతుంది.’ పైన ఎర్రదీపం వెలుగుతోంది. చదివేసింది.

టైలరుగారమ్మాయి లేచింది. “టీచర్, అలా పడదు కదా?”

తరగతంతా ఆవిణ్ణే చూస్తోంది. “పేజీలో అలా ఉంది,” అంది ఆవిడ. ఆ మాట అన్నాక ట్యాబులో తర్వాతి వాక్యం చదివింది.

అర్ధసంవత్సర పరీక్షలో ఆ వాక్యమే ఇచ్చి, అవునో కాదో రాయమన్నారు. ముప్పై ఎనిమిది మంది ‘కాదు’ అని రాశారు. కొందరు రాళ్ళ బొమ్మ కూడా గీశారు. పేపర్లు దిద్దింది హెడ్డాఫీసు. ముప్పై ఎనిమిది సున్నాలు వచ్చాయి. తల్లిదండ్రులు వచ్చి అడిగారు. ఇన్‌ఛార్జి ఆవిణ్ణి గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఆ రోజు రికార్డింగు పెట్టాడు.

“ఇక్కడ పిల్ల అడిగింది. మీరు ‘పేజీలో అలా ఉంది’ అన్నారు. ‘అవును’ అనాలి.”

“అవును కాదు కదండీ.”

“హెడ్డాఫీసు ఆన్సర్ కీలో అవునని ఉంది.”

“ఒక్కసారి బయటికి రండి సార్, చూపిస్తాను.”

వస్తాడనుకోలేదు, కానీ వచ్చాడు. పందొమ్మిది రాళ్ళు వంకర వరసగా, మధ్యలో మూడింటి ఖాళీతో ఉన్నాయి. ఆయన మొదటి రాయి దగ్గర నిలబడి చివరి రాయిదాకా అడుగులు వేసుకుంటూ వెళ్ళాడు. వెనక్కొచ్చాడు. “నిజంగా ఇంత జరుగుతుందా? ఇన్నేళ్ళొచ్చినా నేనెప్పుడూ చూళ్ళేదు,” అన్నాడు చిన్నగా. ఆ ఒక్క నిమిషం ఆయన ముఖం ఏడో తరగతి పిల్లవాడిలా ఉంది.

ఆవిడకి ఆశ పుట్టింది. “అయితే కీ మార్పించండి.”

ఆయన చుట్టూ చూశాడు, ఆవరణ కెమెరాకేసి కూడా. “నా చేతిలో ఏముంది టీచర్? కీ తప్పంటే పద్నాలుగు బ్రాంచీల పేపర్లూ తప్పే. ముందు నా ఉద్యోగం పోతుంది. మీరు మెమో మీద సంతకం పెట్టండి. పిల్లలకి ఒక మార్కు నేను ఎలాగోలా కలిపిస్తాను.”

మెమోలో ‘పాఠ్యప్రణాళికకు బయటి విషయాలు బోధించి విద్యార్థులను గందరగోళపరిచితిని’ అని ఉంది. ఆవిడ రెండుసార్లు చదివింది. బీరువాలో ఉన్న కాగితాలు గుర్తొచ్చాయి. పైమేడలో లెక్కలు చేసుకుంటున్న కూతురు గుర్తొచ్చింది. సంతకం పెట్టింది. మర్నాడు పైనుంచి ఆర్డరొచ్చి ఆయమ్మ రాళ్ళన్నీ ఊడ్చేసింది. ఊడుస్తున్నంతసేపూ ఎవరినో తిడుతూనే ఉంది.

నాలుగు రోజులకి మార్కులు మారాయి. కారణం అన్న చోట ‘యాజమాన్యం దయతో’ అని రాశారు. తరగతిలో పదకొండో నిమిషం నడుస్తుండగా టైలరుగారమ్మాయి చెయ్యెత్తింది.

“టీచర్, మార్కు కలిపారు. మరి మేం రాసింది రైటేనా, దయేనా?”

కిటికీలు మూసి ఉన్నాయి, ఫ్యాను తిరుగుతోంది. ట్యాబులో తర్వాతి వాక్యం ఆవిడ కోసం ఎదురుచూస్తోంది. నెల కిందటి ‘పేజీలో అలా ఉంది’ ఆవిడ నాలుక చివర ఇంకా చేదుగానే ఉంది.

“రైటే,” అంది. “మీరు చూసి రాశారు. పేజీ తప్పు. ఆ రోజు నేను చదివింది కూడా తప్పే.”

సాయంత్రానికి రెండో మెమో వచ్చింది. ఇంకోసారి ఇలా జరిగితే సర్టిఫికెట్ల సంగతి మర్చిపోవచ్చని ఇన్‌ఛార్జి తల వంచుకునే చెప్పాడు. దాని మీదా ఆవిడ సంతకం పెట్టింది. బయట కూతురు సంచీ తగిలించుకుని ఎదురుచూస్తోంది.

“ఆలస్యమైందేంటమ్మా?”

“సంతకం పెట్టాల్సొచ్చింది.”

“ఎందుకు?”

ఆవిడ కూతురి సంచీ తీసుకుని తన భుజానికి తగిలించుకుంది. బస్సొచ్చింది. ఒప్పందం ఇంకా పదిహేడు నెలలుంది.