పప్పుల మాంసం ఏడవోయింది?

ఆ రోజుల్ల చదువంటే పుస్తకంల ఉన్నది కంఠతా పట్టుడు, పట్టింది పదిమందికి చెప్పుడు అనుకునేదాన్ని. పోషకాహారం మీద కోర్సు చదివి, నాచారంల ఒక మిల్లు క్యాంటీన్ల సూపర్‌వైజర్‌గ కొత్తగ చేరిన. ఉప్పల్ నుంచి నడిచి పోయేటప్పుడు గూడ దారిపొంటి పాఠం చెప్పుకుంట పోయేదాన్ని. నౌకరి ఇంకా పర్మినెంట్ కాలే. ఒకనాడు మేనేజరు సారు పిలిచి, "వారంల రెండు దినాలు మాంసం బంద్ జేసి పప్పు పెట్టు. లొల్లి అయితే మాత్రం నీ నౌకరి సంగతి మళ్ల ఆలోచిస్త" అన్నడు. (ఆదివారం చర్చి నుంచి రాంగనే ఇంట్ల మటన్ గిన్నె అడుగు ఊడ్చేది నేనే. ఆ ముచ్చట ఆయనకు చెప్పలే.)

మొదటి పప్పు దినం పొద్దుగాలనే క్యాంటీన్ బోర్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతోని "నేటి పప్పులో మాంసకృత్తులు పుష్కలం" అని రాసిన. ప్రోటీన్లంటే ఎవరికి సమజైతది, తెలుగుల రాస్తే అందరికి తెలుస్తదని నా తెలివి. పగటి గంట కొట్టంగనే లెక్కల సెక్షన్ పంతులుగారు వచ్చి చదివిండు. ఆయనది కోస్తా, ఉల్లిగడ్డ గూడ ముట్టడు. మెల్లగ కంచం బోర్లించి, "ఏమ్మా, ఆఖరికి పప్పులో కూడా మాంసం కలిపించావా?" అన్నడు. ఆయన వెనక శాకాహారుల బల్ల మొత్తం లేసి నిలబడ్డది. ఇటుదిక్కు ఫిట్టర్లు ఉరికొచ్చిన్రు. వాళ్ల పెద్దను అందరు పాయ మామ అంటరు (మేక కాళ్ల పులుసు లేంది ఆయనకు తెల్లారదు). గంటె అందుకొని పప్పు గిన్నె అడుగు దాక దేవిండు.

"బిడ్డా, ముక్క ఏది?"

"ముక్క లేదు మామా, మాంసకృత్తులే ఉన్నయి."

"మాంసం ఏడవోయింది మరి? ఉత్త కృత్తులే మిగిలినట్టున్నయి."

ఒకదిక్కు పప్పుల మాంసం ఉన్నదని లొల్లి, ఇంకొకదిక్కు లేదని లొల్లి. చూస్తే తలుపుకాడ మేనేజరు సారు. నాకు ఏడుపు రావాలె గాని, పాపిష్టి నవ్వు ఆగలే. నవ్వుకుంటనే బల్ల మీదికెక్కిన.

"మాంసకృత్తులంటే మాంసం గాదు, ఒంట్ల కండ కట్టే సత్తువ. మాంసంల ఉంటది, పప్పుల గూడ ఉంటది. పప్పుల జర తక్కువైంది అన్నం పూడుస్తది. అందుకే పప్పు, అన్నం కలిపి తినాలె."

"అంటే పప్పు ఒక్కతి సంసారం ఈదలేదు. మాంసానికి ఎవ్వరి తోడు అక్కర లేదు గదా?" అన్నడు పాయ మామ, గెలిచినట్టు.

"ఎందుకు లేదు మామా? పీచు లేదు దాంట్ల. పప్పు, ఆకుకూర తినకుంటే పొద్దుగాల కడుపు సాఫ్ గాదు."

క్యాంటీన్ మొత్తం ఆయన దిక్కే తిరిగింది (ఆయన కడుపు సంగతి మిల్లుల తెల్వనోళ్లు లేరు). అందరికంటె ముందు నవ్వింది పంతులుగారే. కండ్లు తుడుచుకుంట, "ఆ పేరొక్కటి మార్చమ్మా, తింటాను" అన్నడు. "తాకత్ అని రాయి బిడ్డా" అన్నడు పాయ మామ, ఆయన గూడ నవ్వుకుంటనే. బోర్డు తుడిచి అట్లనే రాసిన. పంతులుగారు రెండోసారి వడ్డించుకున్నడు. పాయ మామ పప్పును పాయ లెక్క జుర్రుకుంట తాగిండు. సారు తలుపుకాడి నుంచే మళ్లిపోయిండు, నా నౌకరి నిలిచింది.

ఇప్పుడు డాక్టరు నాకే పప్పు తిను, గుడ్డు తిను అని చెప్తుంటే తల ఊపి వస్త, ఎదురు మాట్లాడ. మొగోళ్లందరి నడుమ బల్లెక్కి కడుపు సంగతి మాట్లాడిన ఆ పిల్ల ఎవరో గాని, ఆమెను తలుచుకుంటే నాకు ఇప్పటికీ జర భయం, జర ముద్దు.