డబ్బా వెనక మేజోళ్లు

నిన్న మా అమ్మాయి తడి మేజోళ్లను నా ల్యాప్‌టాప్‌ పక్కన ఆరేసింది. ఆ వెచ్చటి తడి ఉన్ని వాసనకి చిన్నప్పుడు హుకుంపేటలో మా ఇంట్లో ఉన్న కంప్యూటర్ గుర్తొచ్చింది.

నాన్న పాడేరు నుంచి మెకానిక్‌ని పిలిపించి దానికి కొత్త ప్రాసెసర్ వేయించారు. వారం తిరక్కుండా అది మునుపటికన్నా నెమ్మదించింది.

"కొత్తదని సెప్పి పాతదే ఎట్టీసినాడు," అంది అమ్మ.

నేనూ నమ్మాను. అతను మళ్లీ వచ్చి సీపీయూ డబ్బా విప్పితే, రెప్పవేయకుండా అతని చేతులకి కాపలా కాశాను. అతని ముందు కంప్యూటర్ చక్కగా పనిచేసింది.

"సూడండమ్మా, బాగానే ఉంది కదా!" అన్నాడు.

అతను బస్సెక్కిన మర్నాడే మళ్లీ మొరాయించింది. మా అనుమానం గట్టిపడింది. అతన్ని పిలవొద్దని నాన్న తోటి టీచర్లందరికీ చెప్పారు.

మంచుకాలంలో మా ఊళ్లో మేజోళ్లు మూడు రోజులకైనా ఆరవు. కొత్త ప్రాసెసర్ వచ్చాక డబ్బా వెనక కన్నాల నుంచి వేడిగాలి కొడుతోందని కనిపెట్టింది నేనే. రోజూ ఆ కన్నాలకి అడ్డంగా మేజోళ్లు వేలాడదీసేదాన్ని. మెకానిక్ వస్తున్నాడంటే సిగ్గేసి ముందే తీసి దాచేసేదాన్ని.

గాలాడకే అది నెమ్మదించేదని పెద్దయ్యాక తెలిసింది. అప్పటికి అతను మా ఊరు రావడం మానేసి చాలా ఏళ్లయింది.