వద్దన్నాక తీసిన ఫొటో

మా బృందం గోదావరి గట్టుకు చేరేసరికి ఉదయం ఐదుంబావు. సన్నగా వాన. గట్టు అవతల ఉండాల్సిన లంక ఊరు కనపడలేదు. కొబ్బరి చెట్ల తలలు, ఒక చర్చి శిలువ, కొన్ని ఇళ్ల కప్పులు మాత్రం వరద నీళ్లపైన ఉన్నాయి. మాది పాలకొల్లు దగ్గర. సైన్యంలో పదహారేళ్లు చేసినా సొంత గడ్డ మీద డ్యూటీ పడింది అదొక్కసారే. తొమ్మిది రోజులు.

హవల్దార్ పనులు పంచాడు. నాకు రెండు: జనంతో తెలుగులో మాట్లాడటం, జరిగిన నష్టాన్ని కెమెరాలో రికార్డు చేయడం. "ఇళ్లు, గట్లు, రోడ్లు తియ్యి. మనుషుల్ని తియ్యొద్దు," అన్నాడు హిందీలో.

నాకు బొమ్మల పిచ్చి. బ్యారక్‌లో నా ట్రంకుపెట్టె నిండా స్కెచ్ పుస్తకాలే. యుద్ధాల మీద, కరువుల మీద వేసిన పెయింటింగులను పుస్తకాల్లో గంటల తరబడి చూసేవాణ్ణి. అలాంటి దృశ్యం నా కళ్లకు ఎప్పుడు దొరుకుతుందా అని లోపల ఒక ఆశ ఉండేది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

రెండో రోజు, పదకొండు నలభై. పడవలో ముగ్గురం: మోటారు నడిపే, నాయక్ ర్యాంకులో ఉన్న హర్యానా జవాను, రేడియో ఆపరేటర్, నేను. అందరికీ లైఫ్ జాకెట్లు; కెమెరా తడవకుండా నాకొక్కడికే రెయిన్‌కోటు. ఒక పెంకుటింటి కప్పు మీద ఒకామె, పక్కన ముసలాయన కనిపించారు. కొట్టుకుపోకుండా ఆయన్ని వాసానికి కట్టేసింది. కట్టింది తన చీరతోనే. లంగా, జాకెట్టుతో తడుస్తూ కూర్చుంది.

"ఇద్దరు. ఇంటి కప్పు మీద. బతికే ఉన్నారు," అని ఆపరేటర్ రేడియోలో చెబుతున్నాడు.

మబ్బు కాస్త పలచబడి వెలుతురు ఆమె భుజం మీద పడింది. కెమెరా ఎత్తాను. ఆమె రెండు చేతులూ ఒంటికి అడ్డం పెట్టుకుంది.

"ఫొటో వద్దండి. నేను టీచర్నండి. ఇలా తీయకండి."

ఆ మాటలు పడవలో అర్థమైంది నాకొక్కడికే. మూడు తీశాను.

తెలుగు ఒక్క ముక్క రాని నాయక్ మోటారు ఆపి, లైఫ్ జాకెట్, చొక్కా విప్పి, మొహం పక్కకు తిప్పుకుని ఆమెకు అందించాడు. నా రెయిన్‌కోటు నా ఒంటిమీదే ఉంది.

ఆ మూడింటినీ రిపోర్టులో ఇవ్వలేదు. నా ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను.

రెండేళ్లకు రిటైరై ఇంటికొచ్చాను. నాలుగు నెలలు కూర్చుని ఆ ఫొటో చూసి నిలువెత్తు కాన్వాస్ వేశాను. 'గోదావరి తల్లి' అని పేరు పెట్టాను. రాజమండ్రిలో ప్రదర్శనకు పెడితే జనం దాని ముందు ఆగి కళ్లు తుడుచుకున్నారు. పేపర్లో కూడా వచ్చింది. శాలువా కప్పితే కప్పించుకున్నాను.

ప్రదర్శన మూడో రోజు మధ్యాహ్నం ఆమె వచ్చింది. గంజి పెట్టిన నేత చీర, భుజాన సంచి. నాలుగు నెలలు గీసిన మొహం, చూడగానే గుర్తుపట్టాను.

"మీరేనాండి వేసింది?"

"అవునండి."

చాలాసేపు బొమ్మ వంక చూసింది. "ఆ పడవాయన చొక్కా ఇచ్చారు కదండి. ఇందులో అదేదండి?"

"నేను తీసేటప్పటికి ఇంకా ఇవ్వలేదండి."

"వద్దన్నాను. మోటారు చప్పుడుకి మీకు వినపడలేదేమో అనుకున్నానండి ఇన్నాళ్లూ."

"వినపడిందండి."

తల ఊపింది. గొంతు పెంచలేదు. "పేపర్లో ఇది చూసినప్పటి నుంచి మా పిల్లలు క్లాసులో నా వంక చూడట్లేదండి. తలలు దించుకుంటున్నారు. తీసేయండి."

ఇంకా రెండు రోజులు ప్రదర్శన ఉందని నోటిదాకా వచ్చింది. మింగేశాను. స్టూలెక్కి బొమ్మ దించాను.

ఇంటికి తెచ్చి పెరట్లో తగలబెట్టాను. ఫోన్‌లోవి చెరిపేశాను. పేపర్లో అచ్చయినదాన్ని ఏమీ చేయలేకపోయాను.

కానీ ఆమె ప్రదర్శనకు వచ్చిన రోజుది ఒకటి నా కళ్లముందు నుంచి పోదు. బొమ్మ గోడకు తిప్పిపెట్టి, క్షమించమని అడగడానికి ఆమె వైపు తిరిగాను. పట్టపగలు, నలుగురి మధ్య, నిండుగా చీర కట్టుకుని నిలబడి ఉందామె. నా చూపు తన మీద పడగానే పమిట లాగి రెండో భుజం కూడా కప్పుకుంది.